చీకటి సంరక్షణ వీధి

"ఆకాశం వైపు తలెత్తి చూసిన రోజునే మనిషి మనిషయ్యాడు!" అని మా డైరెక్టరుగారు ఉద్యోగంలో చేరిన రోజునే సెలవిచ్చారు. అప్పటిదాకా మనుషులం కాని మేము ముప్ఫై ఇద్దరం ఆ మధ్యాహ్నం భోజన విరామంలో కిటికీల దగ్గర నిలబడి, తలలెత్తి, మూకుమ్మడిగా మనుషులమైపోయాం.

మాది నగర వీధి దీపాల కార్యాలయం. ఊళ్లో ఎక్కడ చీకటి ఉంటే అక్కడ దీపం పెట్టడం మా పని. కనీసం బయట బోర్డు మీద అలాగే రాసి ఉంది. అలాంటి కార్యాలయానికి చీకటంటే ప్రాణం పెట్టే అధికారిని వేయడం పైవాళ్ల చమత్కారమో, పైవాళ్లు మా గురించి విన్నదేదైనా ఉందో చెప్పలేను.

డైరెక్టరుగారు వచ్చిన రెండో రోజే గదిలో వీధి దీపాల పటం దింపించి, దాని స్థానంలో పాలపుంత ఫోటో తగిలించారు.

"ఇది నేనే తీశాను. షట్టరు ముప్ఫై సెకన్లు తెరిచి ఉంచాలి. అంతసేపూ ఊపిరి కూడా బిగబట్టాలి" అన్నారు.

మా సూపరింటెండెంటుగారు అక్కడికక్కడే ముప్ఫై సెకన్లు ఊపిరి బిగబట్టి చూపించారు. ఆయనకి ఉబ్బసం. పదిహేనో సెకనుకి ముఖం వంకాయ రంగుకు తిరిగింది. అయినా వదల్లేదు. విధి నిర్వహణలో అంత నిబద్ధత నేను ఎక్కడా చూడలేదు!

వారం తిరక్కుండా 'నక్షత్ర ప్రియుల సంఘం' వెలిసింది. సభ్యత్వం పూర్తిగా స్వచ్ఛందం. చేరనివాళ్లు ఎందుకు చేరలేదో రాతపూర్వకంగా సంజాయిషీ ఇస్తే చాలు. రాత్రి ఎనిమిదింటికే దుప్పటి ముసుగు తన్నేవాళ్లంతా పొద్దున్నే ఎర్రటి కళ్లతో వచ్చి, "రాత్రంతా నిద్రే లేదండీ, కృత్తికలు వదిలితేనా!" అనడం మొదలుపెట్టారు. కళ్లు నలుపుకుంటే ఎర్రబడతాయని నేనూ మూడో రోజున కనిపెట్టాను.

ఇక నా సంగతి. నేను ఇన్వర్డు గుమస్తాని. వచ్చిన కాగితం మీద ముద్ర వేసి, నంబరు వేసి, బీరువాలో పెట్టడం నా ఉద్యోగం. బీరువాలోంచి తీయడం ఎవరి ఉద్యోగమో ఇరవై ఏళ్లుగా నాకు తెలియదు. అడిగి పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

నేను ట్రైపాడ్ కొనుక్కుని ఇంటికి తెచ్చిన రోజున మా ఆవిడ దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఏమండీ, ఈ మూడు కాళ్లదేమిటి?"

"ట్రైపాడ్. దీని మీద కెమెరా పెట్టి ఉల్కలని ఫోటో తీస్తారు."

"కెమెరా ఏది?"

"అది తర్వాత. ఆఫీసులో ప్రస్తుతానికి ట్రైపాడ్ ఉందా లేదా అనే చూస్తున్నారు."

"ఉల్కలంటే?"

"రాలే చుక్కలే. నీకు చెప్పినా అర్థం కాదులే" అన్నాను గంభీరంగా. నాకు తెలిసింది అంతవరకే మరి.

మరుసటి నెల మొదట్లో డైరెక్టరుగారు అందరినీ గదిలోకి పిలిచారు.

"పన్నెండో తారీఖు రాత్రి ఉల్కాపాతం. గంటకి అరవై, డెబ్భై ఉల్కలు రాలతాయి. కానీ ఈ ఊళ్లో ఎటు చూసినా దీపాలే దీపాలు! ఎవరండీ ఇన్ని పెట్టింది?"

ముప్ఫై ఇద్దరం నేల చూపులు చూశాం. నేరం ఎవరూ ఒప్పుకోలేదు.

"నాకు కటిక చీకటి కావాలి. ఊళ్లో ఎక్కడైనా మిగిలిందా?"

ఇరవై ఏళ్లలో మొదటిసారి సమావేశంలో నా నోట మాట వచ్చింది. "సార్, చీకటికి మన దగ్గర లోటు లేదు" అని, వెళ్లి బీరువా తెరిచాను.

క్వారీ వీధి ఫైలు పైనే ఉంది. ఊరి చివర, రాళ్లు కొట్టే గుట్ట పక్కన పన్నెండు ఇళ్ల వీధి అది. బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ దీపం కోసం రెండేళ్లలో పధ్నాలుగు దరఖాస్తులు పెట్టింది. మూడో దానిలో, ఆసుపత్రిలో నర్సుగా పని చేసే తన కూతురు రాత్రి డ్యూటీ దిగి వస్తూ మురుగు కాలువలో పడి చీలమండ విరగ్గొట్టుకుందని రాసింది. ఏడో దానిలో, అప్పటినుంచీ రోజూ రాత్రి తాను టార్చిలైటు పట్టుకుని వీధి మొదట్లో ఎదురుచూస్తున్నానని రాసింది. పధ్నాలుగోది ఒకే వాక్యం: "అయ్యా, ఇంకా చీకటిగానే ఉంది."

డైరెక్టరుగారు ఫైలు చదువుతూ చదువుతూ మైమరచిపోయారు.

"అద్భుతం! 'కన్ను పొడుచుకున్నా కనబడదు' అని రాసింది చూడండి! పధ్నాలుగు సార్లు లిఖితపూర్వకంగా ధ్రువీకరించింది! ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

మర్నాడు నేనూ సూపరింటెండెంటుగారూ చీకటిని పరిశీలించడానికి పట్టపగలు క్వారీ వీధికి వెళ్లాం. ఆవిడ మెడలో టేపు వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. మేం ఏ ఆఫీసు నుంచి వచ్చామో చెప్పగానే మిషను ఆపేసి లేచి, ఉన్న రెండు కుర్చీల మీది గుడ్డపేలికలు దులిపి వేసింది.

"వచ్చారా బాబూ! రండి, రండి. స్తంభం ఇక్కడ వేస్తే కాలువ దాకా వెలుతురు పడుతుంది. నేను అడుగులు కొలిచి పెట్టాను."

సూపరింటెండెంటుగారు ఆ మాట పట్టించుకోలేదు. "రాత్రిపూట ఇక్కడ ఎలా ఉంటుందమ్మా?"

"ఏముంటుంది సార్, కాటుక పూసినట్టు ఉంటుంది."

"నిజంగానా? పక్క వీధి వెలుతురు ఏమైనా..."

"మిణుగురు పురుగు కూడా దారి తప్పి రాదు."

ఆయన ఆనందం పట్టలేక కుర్చీలోంచి లేచారు. "అమ్మా, మీరెంత అదృష్టవంతులో మీకు తెలియదు! పన్నెండో తారీఖు రాత్రి డైరెక్టరుగారే స్వయంగా ఇక్కడికి వస్తున్నారు!"

ఆవిడ ముఖం విప్పారింది. "అంత పెద్దాయన మా చీకటి చూడ్డానికి వస్తున్నారా? మంచిది సార్. కళ్లారా చూస్తేనే కదా తెలిసేది!"

ఆవిడ సంతోషం చూశాక నాకు నోరు పెగల్లేదు. నోరు పెగలకపోవడం మా శాఖలో అనుభవం మీద వచ్చే గుణం.

పన్నెండో తారీఖు రాత్రి తొమ్మిదింటికి క్వారీ వీధికి నక్షత్ర ప్రియుల సంఘం తరలి వచ్చింది. ఇరవై ఏడు ట్రైపాడ్లు, తొమ్మిది కెమెరాలు, మడత కుర్చీలు, ఫ్లాస్కుల్లో టీ. డైరెక్టరుగారు ఆకాశానికి వీపు పెట్టి, ఆకాశం గొప్పతనం మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆ ఇరవై నిమిషాల్లో ఆయన వెనక ఎన్ని ఉల్కలు రాలాయో తెలియదు. మేమంతా ఆయన ముఖమే చూస్తున్నాం. చీకట్లో అది కనబడకపోయినా సరే!

తర్వాత అందరూ కెమెరాల మీదికి వంగారు. కెమెరాలు లేనివాళ్లు ట్రైపాడ్ల మీదికి వంగారు.

"అదిగో, రాలింది!" అంది వీధి మొదట్లోంచి ఒక గొంతు. కుట్టుపనావిడ. చేతిలో టార్చిలైటు ఆర్పుకుని నిలబడి ఉంది.

"ఎక్కడ? ఎక్కడ?" ఇరవై ఏడు తలలు లేచాయి. అప్పటికే అయిపోయింది.

"అదిగో, ఇంకోటి!"

మళ్లీ తలలు లేచాయి. మళ్లీ అయిపోయింది. మేం ఒక్కటి చూసేసరికి ఆవిడ పదకొండు చూసింది.

డైరెక్టరుగారికి చిర్రెత్తుకొచ్చింది. "మీకెలా కనబడుతున్నాయమ్మా?"

"రెండేళ్లుగా రోజూ ఇక్కడే నిలబడుతున్నాను కదా సార్. మా అమ్మాయి వచ్చేదాకా ఎటు చూడాలి? కిందికి చూస్తే ఏమీ కనబడదు. అందుకని పైకి చూస్తాను. కిందటేడు కూడా ఇదే రోజుల్లో రాలాయి. ఎక్కువగా ఆ మూల నుంచే వస్తాయి. రాత్రి ముదిరేకొద్దీ ఇంకా ఎక్కువ."

"అదంతా శాస్త్రప్రకారం నాకు తెలుసు" అంటూ డైరెక్టరుగారు కెమెరాని గుట్టుచప్పుడు కాకుండా ఆ మూలకి తిప్పుకున్నారు. మిగతా ఎనిమిది కెమెరాలూ, పద్దెనిమిది ఉత్త ట్రైపాడ్లూ అటే తిరిగాయి.

పదిన్నరకి పెద్ద రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడైంది. ఆవిడ టార్చి వెలిగించి బయలుదేరబోయింది.

"ఆర్పండి! ఆర్పండి!" డైరెక్టరుగారు కేక పెట్టారు. "షట్టరు తెరిచి ఉంది!"

"మా అమ్మాయి వస్తోంది సార్. దారిలో కాలువ ఉంది..."

"ముప్ఫై సెకన్లు ఆగమనండమ్మా! కొంపలేం మునిగిపోవు!"

ఆవిడ ఆర్పింది. ముప్ఫై సెకన్లు అయ్యాయి. డైరెక్టరుగారు షట్టరు మళ్లీ తెరిచారు. "ఇంకొక్క ముప్ఫై." ఆ తర్వాత ఇంకొక్క ముప్ఫై. ఆవిడ టార్చి మీద బొటనవేలు పెట్టుకుని నిలబడిపోయింది. అంతమంది ఆఫీసర్ల మాట కాదనడానికి ఆవిడ దగ్గర పధ్నాలుగు దరఖాస్తుల అనుభవమే ఉంది.

ఐదో ముప్ఫైలో ధబ్బున చప్పుడైంది. "అమ్మా!" అని కేక.

ఆవిడ ఇక ఆగలేదు. టార్చి వెలిగించి, కెమెరాల ముందునుంచే అడ్డంగా పరుగెత్తింది. డైరెక్టరుగారు "అయ్యో, అయ్యో!" అన్నారు. కూతురు పడినందుకేమోనని ఒక్క క్షణం నేను పొరబడ్డాను.

కూతురు తల్లి భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. తెల్ల యూనిఫారం మోకాళ్ల దాకా బురద. అరచేయి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. మా కుర్చీలూ ఫ్లాస్కులూ ట్రైపాడ్లూ ఒక్కొక్కటే టార్చి వెలుగులో చూసింది.

"ఇంతమంది ఉన్నారు, ఒక్కరి దగ్గర కూడా దీపం లేదా? ఎవరు సార్ మీరంతా?"

"వీధి దీపాల శాఖ అమ్మా" అన్నారు సూపరింటెండెంటుగారు హుందాగా.

"కనబడుతోంది సార్" అంది ఆ అమ్మాయి, చుట్టూ ఉన్న చీకటిని ఒకసారి పరికించి.

నేను నా ట్రైపాడ్ ముడిచి చంకలో పెట్టుకున్నాను. ఆ క్షణాన నాకు చేతనైన ప్రాయశ్చిత్తం అదొక్కటే.

మర్నాడు ఆఫీసులో మాత్రం పండగ వాతావరణం! డైరెక్టరుగారి కెమెరాలో బ్రహ్మాండమైన ఉల్క పడింది. ఫోటోకి ఈ చివర నుంచి ఆ చివరిదాకా ధగధగలాడే గీత. నాలుగడుగుల ఫ్రేము కట్టించి వరండాలో ప్రదర్శన ఏర్పాటు చేశారు. ప్రారంభానికి మేయరుగారిని పిలిచారు. పత్రికలో 'వెలుగుల శాఖలో చీకటి ప్రేమికుడు' అని రాశారు.

అంతటితో ఊరుకుంటే మాది ప్రభుత్వ కార్యాలయం ఎలా అవుతుంది? క్వారీ వీధిని 'చీకటి సంరక్షణ వీధి'గా ప్రకటిస్తూ ఉత్తర్వు వచ్చింది. పధ్నాలుగు దరఖాస్తులూ ఒక్క కలంపోటుతో 'పరిష్కరించబడినవి' అయ్యాయి. ఆవిడకి జవాబు రాసింది నేనే: "తమ వీధి యొక్క అమూల్యమైన అంధకారమును పరిరక్షించవలసిన ఆవశ్యకత దృష్ట్యా, తమ విన్నపమును పరిశీలింపజాలనందులకు చింతించుచున్నాము." అందులో చింత ఒక్కటే నా సొంతం. మిగతాదంతా శాఖది.

ప్రదర్శన రోజున తల్లీకూతుళ్లిద్దరూ ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. కూతురి చేతికి ఇంకా కట్టు ఉంది.

"మాటలన్నీ తెలిసినవిలాగే ఉన్నాయి బాబూ, ఏమన్నారో మాత్రం తెలియలేదు" అంది తల్లి.

"దీపం రాదమ్మా."

"ఎప్పటిదాకా?"

"ఎప్పటికీ. ఇది మీ వీధికి దక్కిన గౌరవం."

ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది, మళ్లీ విప్పింది. కూతురు దాన్ని అందుకుని, జతచేసిన ఉత్తర్వు నకలుతో సహా ఆసాంతం చదివింది.

"'చీకటి నగరవాసుల హక్కు' అని రాశారు. మా వీధి ఒక్కదానికేనా సార్?"

"లేదమ్మా. నక్షత్రాలంటే ఇష్టపడే నివాసి ఒక్కరున్నా సరే, ఏ వీధికైనా వర్తిస్తుంది. ఆరో నిబంధన."

"దరఖాస్తు ఎవరు పెట్టాలి?"

"ఎవరైనా పెట్టొచ్చు."

"ఒక తెల్ల కాగితం ఇస్తారా?"

ఇచ్చాను. నొప్పి చేత్తోనే ఐదు నిమిషాలు రాసింది. తల్లి చేత సంతకం పెట్టించింది. సాధారణంగా ముద్ర వేయడానికి నాకు మూడు రోజులు పడుతుంది. ఆ రోజు సిరా ఆరకముందే వేశాను. పైగా "మేయరుగారు వరండాలోనే ఉన్నారు" అని గోడకి చెప్పాను. ఎందుకని అడక్కండి. పొరపాట్లు ఎవరైనా చేస్తారు.

వరండాలో డైరెక్టరుగారు నాలుగడుగుల ఫోటో ముందు నిలబడి మేయరుగారికి వివరిస్తున్నారు. "ఇది మామూలు ఉల్క కాదండి. అగ్నిగోళం! నూరేళ్లకి ఒక్కటి పడుతుందో లేదో!"

కుట్టుపనావిడ కూడా ఫోటో దగ్గరికి వెళ్లి చూసింది.

"అయ్యో, ఇది నా టార్చి గీత కదూ! ఆ రోజు పరుగెత్తాను కదా. ఇదిగో, ఇక్కడ వంకర తిరిగింది చూడండి, కాలువ దగ్గర వంగాను."

సూపరింటెండెంటుగారు వెంటనే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియకపోయినా అందరం కొట్టాం. ఆ చప్పట్లలో ఆవిడ మాట మేయరుగారికి వినబడలేదు. వినబడినా, నూరేళ్లకొక అగ్నిగోళం పక్కన ఫోటో దిగడానికి అప్పటికే జుట్టు సర్దుకున్నారు.

చప్పట్లు ఆగగానే కూతురు కాగితం అందించింది. మేయరుగారు పత్రికలవాళ్లు ఉన్నారు కదా అని పైకే చదివారు.

"'డైరెక్టరుగారు నివసించే తోట వీధిలో నలభై రెండు దీపాలు ఉన్నాయనీ, అంతటి నక్షత్ర ప్రియులు తమ ఇంటి నుంచి ఒక్క చుక్కనైనా చూసుకోలేకపోతున్నారనీ తెలిసి క్వారీ వీధివాళ్లం ఎంతో బాధపడుతున్నాం. మాకు దక్కిన గౌరవం వారికీ దక్కాలని, ఆరో నిబంధన ప్రకారం తోట వీధిని కూడా చీకటి సంరక్షణ వీధిగా ప్రకటించాలని ప్రార్థిస్తున్నాం.' భేష్! పక్కవాళ్ల మేలు కోరేవాళ్లు ఇంకా ఉన్నారండీ! డైరెక్టరుగారూ, మీరేమంటారు?"

డైరెక్టరుగారు నోరు తెరిచారు. ఎదురుగా ఆరు కెమెరాలు. నోట్లోంచి "ధన్యవాదాలు" అనే మాట బయటికొచ్చింది. మేయరుగారు అక్కడే సంతకం చేశారు. ఆ రాత్రికే నలభై రెండు దీపాలూ ఆరిపోయాయి. మా శాఖ అంత చురుగ్గా పని చేయగలదని మాకే అప్పటిదాకా తెలియదు!

మొదటి రాత్రి డైరెక్టరుగారి భార్య కారుతో తమ గేటునే గుద్దారు. రెండో రాత్రి డైరెక్టరుగారు తమ ఇల్లనుకుని పక్కింటి తలుపు తోసుకుని వెళ్లి, వాళ్లు దొంగ దొంగ అని అరిస్తే వివరంగా పరిచయం చేసుకోవలసి వచ్చింది. మూడో రాత్రి వీధిలోని డాక్టర్లూ వకీళ్లూ కొవ్వొత్తులు పట్టుకుని ఇంటి మీదికి వచ్చారు. నాలుగో రోజున ఆయన చేతికి కట్టుతో ఆఫీసుకి వచ్చారు. మెట్టు తప్పారట.

"ఈ పాడు ఉత్తర్వు రద్దు చేయండి!" అన్నారు.

"కారణం ఏమని రాయాలి సార్?" అని అడిగారు సూపరింటెండెంటుగారు. "మేయరుగారు మెచ్చుకున్న ఉత్తర్వు. తమరు మెట్టు తప్పారని రాస్తే బాగుండదు. చీకటి వల్ల మామూలు ప్రజలెవరైనా దెబ్బతిన్నట్టు దాఖలా ఉండాలి."

అందరూ నా వైపు చూశారు. నేను వెళ్లి బీరువా తెరిచాను. 'పరిష్కరించబడిన' పధ్నాలుగు దరఖాస్తులూ దుమ్ము దులుపుకుని బల్ల మీదికి వచ్చాయి. మూడో దరఖాస్తులో విరిగిన చీలమండ చదివి డైరెక్టరుగారు కర్చీఫు తీసి కళ్లద్దుకున్నారు. "పాపం, ఆడకూతురు! రెండేళ్లుగా ఇంత దారుణం జరుగుతుంటే నాకెవరూ చెప్పలేదేం?" ఆయన వచ్చి రెండు నెలలే అయిందని ఎవరూ గుర్తు చేయలేదు.

చీకటి సంరక్షణ మొత్తంగా రద్దయింది. తోట వీధి దీపాలు గంటలో వెలిగాయి. రద్దుకి కారణంగా క్వారీ వీధి పేరు రాసుకున్నాం కాబట్టి అక్కడ ఒక్క దీపమైనా పెట్టక తప్పలేదు. నక్షత్ర ప్రియుల సంఘం సర్వసభ్య సమావేశం జరిపి 'ప్రకాశ ప్రియుల సంఘం'గా మారింది. డైరెక్టరుగారి గదిలో పాలపుంత దిగిపోయింది. రాత్రి ఆకాశం చూడొద్దని కళ్ల డాక్టరు చెప్పాడట!

ఆ సోమవారం పొద్దున పదకొండు గంటలకి క్వారీ వీధిలో కొత్త దీపం ప్రారంభోత్సవం. స్తంభానికి రిబ్బను కట్టారు. డైరెక్టరుగారు కట్టు లేని చేత్తో కత్తిరించి, మైకు ముందు నిలబడ్డారు.

"చీకటంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు! ఏ వీధిలో చీకటి కనబడినా నా గుండె తరుక్కుపోతుంది!"

అందరం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. మొన్నటిదాకా ఆకాశాన్ని చూసి మనిషినయ్యాను. ఇప్పుడు స్తంభాన్ని చూసి అవుతున్నాను. పైన మండుటెండలో దీపం వెలుగుతోంది. వెలుగుతోందో లేదో తెలుసుకోవడానికి అరచేయి అడ్డం పెట్టుకుని చూడాల్సి వచ్చింది.

ఆఖర్న కుట్టుపనావిడని రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ మైకు దగ్గరికి వచ్చి, దీపం వైపు ఒకసారి చూసింది.

"చాలా సంతోషం సార్. ఇంతకీ ఇది రాత్రిపూట కూడా వెలుగుతుందా?"

డైరెక్టరుగారు సూపరింటెండెంటుగారి వైపు చూశారు. సూపరింటెండెంటుగారు గొంతు సర్దుకున్నారు.

"పదకొండు గంటల ప్రారంభోత్సవానికి వెలగాలని లైన్‌మన్‌కి ఉత్తర్వు ఇచ్చామమ్మా. అందుకని పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా వెలిగేలా అమర్చాడు. ఆఫీసు వేళలు. రాత్రి వేళలకి వేరే ఉత్తర్వు కావాలి. దానికి మీరు మళ్లీ..."

ఆయన మాట ఆవిడ పూర్తిగా వినలేదు. తల ఊపి, సంచిలో చెయ్యి పెట్టి ఒక తెల్ల కాగితం తీసింది. పక్కనే ఉన్న కూతురు కలం మూత తీసి అందించింది.

డైరెక్టరుగారి ముఖం పాలిపోయింది. "లైన్‌మన్!" అని మైకులోనే కేక పెట్టారు. "లైన్‌మన్ ఎక్కడ? ముందు నిచ్చెన వేయండి! ఇప్పుడే! ఈ రాత్రికి వెలగకపోతే ఒక్కొక్కరి సంగతి చెబుతాను!"

ఆ రాత్రి క్వారీ వీధిలో దీపం వెలిగింది. పదిన్నర బస్సు దిగి ఆ అమ్మాయి కాలువ పక్కనుంచి ఒక్కతే నడిచి ఇంటికి వెళ్లింది. ఆవిడ ఆ కాగితం మీద ఒక్క అక్షరం కూడా రాయలేదు.